కిబేరా క్లినిక్‌లో వాలంటీరుగా పనిచేయాలంటే: మొదటి మెయిల్ నుంచి తిరుగు ప్రయాణం దాకా

మాది ఖమ్మం. ఆసుపత్రి ఫార్మసీలో పదకొండేళ్ళు పనిచేశాక, కెన్యా రాజధాని నైరోబీలోని కిబేరా బస్తీలో ఒక చిన్న క్లినిక్‌లో మూడు నెలలు వాలంటీరుగా ఉన్నాను. తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ నర్సింగ్ చదివే పిల్లలు, హౌస్ సర్జన్లు, నాలాంటి ఫార్మసిస్టులు "మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఆ క్లినిక్ మీరు రాకముందూ నడిచింది, మీరు వచ్చేశాకా నడవాలి. అందుకని అక్కడ ఏ పని నెత్తికెత్తుకునే ముందైనా "నేను వెళ్ళిపోయాక ఇది ఎవరు చేస్తారు?" అని అడగండి. దానికి జవాబు లేని పని ఎంత మంచిదైనా మొదలుపెట్టకండి. కింద రాసిన ప్రతి మెట్టూ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మొదటి మెట్టు: ఆ ఊరి సంగతి తెలుసుకోండి

నైరోబీ నడిబొడ్డు నుంచి నైరుతి దిక్కుగా ఐదారు కిలోమీటర్లు వెళ్తే కిబేరా. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన నుబియన్ (సూడాన్ ప్రాంతపు) సైనికులకు 20వ శతాబ్దం మొదట్లో ఇక్కడి అడవి నేలలో ఉండటానికి చోటిచ్చారు. 'కిబ్రా' అంటే వాళ్ళ భాషలో అడవి. తర్వాత కూలిపనుల కోసం పడమటి కెన్యా నుంచి లువోలు, లుహ్యాలు, ఇంకా చాలా జాతులవాళ్ళు వచ్చి చేరారు. ఇక్కడ పదిలక్షలమంది ఉన్నారని చాలాచోట్ల రాస్తుంటారు. 2009 జనగణనలో లెక్కతేలింది సుమారు 1,70,000 మంది. మకీనా, గట్వెకేరా, లిండి, సిలంగా, లైనీ సాబా, సోవేటో ఈస్ట్ అని లోపల మళ్ళీ చిన్న చిన్న ఊళ్ళున్నాయి. క్లినిక్ ఏ ఊళ్ళో ఉందో, అక్కడ ఎక్కువగా ఎవరుంటారో ముందే కనుక్కోండి. రోగి ఏ భాష మాట్లాడతాడు, సెలవులకు ఏ ప్రాంతానికి వెళ్ళివస్తాడు అన్నది తర్వాత మీకు చాలా పనికొస్తుంది. ఎందుకో మలేరియా దగ్గర చెప్తాను.

బస్తీ మధ్యలోంచి రైలుపట్టాలు వెళ్తాయి. 1896 నుంచి 1901 వరకు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా ఆ లైను వేయడానికి బ్రిటిష్‌వాళ్ళు మన దేశం నుంచి సుమారు 32,000 మంది కూలీలను తీసుకెళ్ళారు. ఎక్కువమంది పంజాబీలు. చపాతీ, పెసా (డబ్బు), గారీ (బండి), దూకా (దుకాణం) లాంటి మాటలు అక్కడి భాష స్వాహిలీలో వినగానే మనకు తెలిసినవే అనిపిస్తాయి. మిమ్మల్ని చూడగానే 'ముహిందీ' అంటారు. అంటే ఇండియావాడు. దుకాణం యజమానిగానో, ఫ్యాక్టరీలో పైవాడిగానో ఇండియన్‌ను చూడటం వాళ్ళకు అలవాటు. పక్కన స్టూలేసుకుని కూర్చుని మాత్రలు లెక్కపెట్టే ఇండియన్ అలవాటు లేదు. మొదట్లో కాస్త దూరంగా ఉంటారు. నొచ్చుకోకండి, రెండు వారాలకు ఆ దూరం తగ్గుతుంది.

కెన్యాలో ఆసుపత్రులను ఆరు స్థాయిలుగా విభజించారు. బస్తీ క్లినిక్‌లు సాధారణంగా రెండు, మూడు స్థాయిల్లో ఉంటాయి. వాటికి మించిన కేసులు దగ్గర్లోని ఎంబగాతీ ఆసుపత్రికో, కెన్యాటా నేషనల్ హాస్పిటల్‌కో వెళ్తాయి. రోగుల్ని చూసేది ఎక్కువగా క్లినికల్ ఆఫీసర్లు. మూడేళ్ళ డిప్లొమా, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి లైసెన్సు తీసుకున్నవాళ్ళు. ఎంబీబీఎస్ చేయలేదు కదా అని తక్కువగా చూడకండి. బస్తీలో ఏ జబ్బు ఎలా కనిపిస్తుందో వాళ్ళకు తెలిసినంత మన కార్పొరేట్ ఆసుపత్రిలో పీజీ చేసినవాళ్ళకు తెలియదు.

రెండో మెట్టు: వెళ్ళాలా వద్దా అని తేల్చుకోండి

ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. రెండు వారాల సెలవు పెట్టి, సఫారీ చూసి, మధ్యలో నాలుగు రోజులు క్లినిక్‌లో ఉందామనుకుంటే వెళ్ళకండి. మీకు పని నేర్పడానికే అక్కడి నర్సుకు ఒక వారం పోతుంది. కనీసం ఆరు వారాలు, వీలైతే మూడు నెలలు చేతిలో పెట్టుకుని బయల్దేరండి. ఇంకా చదువుకుంటున్న పిల్లలైతే ఇంకో నియమం: ఇక్కడ మిమ్మల్ని ఒంటరిగా చేయనివ్వని పని అక్కడా చేయకూడదు. కుట్లు వేయడం, పురుడు పోయడం "అక్కడైతే చేయనిస్తారట" అని ఆశపడేవాళ్ళను చూశాను. ఆ తల్లి పేదది కాబట్టే చేయనిస్తున్నారని అర్థం చేసుకోండి.

అసలు బస్తీ వైద్యం మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి నైరోబీ దాకా వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలున్నాయి. అనుమతి అడిగి కొన్నాళ్ళపాటు వారానికి రెండు రోజులు వెళ్ళి కూర్చోండి. పొద్దున్నే వచ్చే క్యూ, పనికి టైమైపోతుందని తొందరపడే కూలీలు, సగం కోర్సుకే మాత్రలు ఆపేసేవాళ్ళు, అన్నీ అక్కడే పరిచయమవుతాయి. స్వాహిలీలోనూ మందును 'దావా' అనే అంటారు. అరబ్బీ నుంచి వాళ్ళకూ మనకూ వచ్చిన మాట.

మూడో మెట్టు: క్లినిక్‌ను ఎంచుకోండి

వెబ్‌సైట్‌లో ఫోటోలు చూసి నిర్ణయించకండి. నేను మొదట ఒక ఏజెన్సీ ద్వారా వెళ్ళబోయాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. పెద్ద మొత్తమే అడిగారు. అందులో క్లినిక్‌కు ఎంత వెళ్తుందని మూడు మెయిళ్ళు పెట్టాను. మూడింటికీ నవ్వుతున్న పిల్లల ఫోటోలే వచ్చాయి తప్ప లెక్క రాలేదు. అక్కడితో మానేసి, నేరుగా క్లినిక్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను.

వీడియో కాల్‌లో అడగాల్సినవి ఇవి. క్లినిక్‌కు ప్రభుత్వ లైసెన్సు ఉందా, ఏ స్థాయి? బాధ్యత తీసుకునే క్లినికల్ ఆఫీసర్ లేదా డాక్టర్ రోజూ ఉంటారా? నేను ఎవరి కింద పనిచేయాలి? పోయినసారి వచ్చిన వాలంటీరు ఏం చేశారు, అది ఇప్పటికీ నడుస్తోందా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మిగతాదంతా తెలిసిపోతుంది. "ఆమె టీబీ రోగుల రిజిస్టర్ సర్దింది, మేం అలాగే రాస్తున్నాం" అంటే మంచి చోటు. "చాలా మంచివాళ్ళు, పిల్లలకు బొమ్మలిచ్చారు" అంటే ఆలోచించండి.

క్లినిక్ మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు అడగాలి కూడా. డిగ్రీ, రిజిస్ట్రేషన్, పనిచేసిన చోటునుంచి ఉత్తరం, పోలీస్ క్లియరెన్స్ ఏదీ అడగకుండా "వచ్చేయండి" అన్నారంటే రోగుల గురించి కూడా అంతే పట్టించుకుంటారని లెక్క.

నాలుగో మెట్టు: కాగితాలు

2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి, ఆన్‌లైన్‌లో ముందుగా తీసుకునే ఈటీఏ అనే ప్రయాణ అనుమతి పెట్టింది. పర్యాటకుడిగా తీసుకున్న ఈటీఏ చూపించి క్లినిక్‌లో పనిచేస్తానంటే కుదరదు. జీతం లేకపోయినా అది పని కిందికే వస్తుంది. కొద్దికాలం పనికి స్పెషల్ పాస్ ఉంటుంది, దాన్ని పిలిచే సంస్థ అక్కడి ఇమిగ్రేషన్‌లో మీ తరఫున పెట్టాలి. "ఏం ఫరవాలేదు, టూరిస్టుగా వచ్చేయండి, ఎవరూ అడగరు" అని ఎవరైనా అంటే వినకండి. తనిఖీ జరిగితే మీరు విమానమెక్కి వచ్చేస్తారు, క్లినిక్ మాత్రం ఇబ్బందుల్లో పడుతుంది.

డాక్టర్లకు మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసీవాళ్ళకు ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు ఉన్నాయి. రోగిని ముట్టుకునే పని, మందు చేతికిచ్చే పని ఏదైనా వాటి అనుమతితోనే. దరఖాస్తుకు నెలలు పట్టొచ్చు. డిగ్రీ సర్టిఫికెట్ల నకళ్ళు అటెస్ట్ చేయించి, ఐదారు నెలల ముందే మొదలుపెట్టండి. నాకు అనుమతి ఆలస్యమైంది. అది వచ్చేదాకా కౌంటర్ దగ్గరికి వెళ్ళకుండా స్టాక్ లెక్కలే చూశాను. తర్వాత చూస్తే మూడు నెలల్లో బాగా పనికొచ్చిందీ అదే.

ఇంకో సంగతి. కెన్యాలో తర్వాతి సార్వత్రిక ఎన్నికలు 2027 ఆగస్టులో. 2007 ఎన్నికల తర్వాత జరిగిన గొడవల్లో కిబేరా బాగా దెబ్బతింది, జనం రైలుపట్టాలు కూడా పీకేశారు. ఎన్నికల ముందూ వెనకా కొన్ని వారాలు మొదటిసారి వెళ్ళేవాళ్ళు పెట్టుకోకపోవడమే మంచిది.

ఐదో మెట్టు: టీకాలు

ఎల్లో ఫీవర్ టీకా అన్నిటికన్నా ముఖ్యం. టీకా వేశాక ఇచ్చే కార్డు అవసరం ఎక్కువగా తిరిగి వచ్చేటప్పుడే. కెన్యా నుంచి వచ్చేవాళ్ళ దగ్గర కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. టీకా వేయించుకున్న పది రోజులకు కార్డు చెల్లుబాటులోకి వస్తుంది, ఆపైన జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ, విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీసులోనూ వేస్తారు. ఏ రోజు వేస్తారో ముందు కనుక్కుని వెళ్ళండి.

హెపటైటిస్ బి మూడు డోసులు సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన. అంటే ఇవాళ నిర్ణయించుకుంటే ఇవాళే మొదటి డోసు. చిన్నప్పుడు వేయించుకున్నవాళ్ళు రక్తపరీక్షలో యాంటీబాడీలు సరిపడా ఉన్నాయో లేదో చూపించుకోండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, ధనుర్వాతం కూడా సరిచూసుకోండి. బీసీజీ వేయించుకున్నాం కదా, టీబీ రాదనుకోకండి. పెద్దవాళ్ళకు అది పెద్దగా అడ్డుపడదు. మీ ముఖానికి సరిపోయే ఎన్95 మాస్కులు సరిపడా తీసుకెళ్ళండి.

ఆరో మెట్టు: సామాను, ముఖ్యంగా తీసుకెళ్ళకూడనిది

గమ్ బూట్లు (మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు), హెడ్ టార్చ్, పల్స్ ఆక్సిమీటర్, స్వెటర్. నైరోబీ సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంది, జూలైలో పొద్దున్నే మన అరకు గుర్తొస్తుంది. ప్లగ్గులు మూడు బల్లపరుపు పిన్నులవి, అడాప్టర్ కావాలి. ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్ని 2017లోనే నిషేధించారు, సూట్‌కేసులో పెట్టుకోకండి.

మందులు మాత్రం మోసుకెళ్ళకండి. మెడికల్ రెప్‌లు ఇచ్చిన శాంపిళ్ళు, చుట్టాల ఇళ్ళలో మిగిలిపోయిన స్ట్రిప్పులు మూటగట్టుకుని వెళ్ళేవాళ్ళు చాలామంది. మనసు మంచిదే, కానీ అక్కడికి చేరేసరికి అవి చెత్త అవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం దానంగా ఇచ్చే మందుకు ఆ దేశం చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. పైగా దిగుమతికి అక్కడి ఫార్మసీ బోర్డు అనుమతి కావాలి. మా క్లినిక్ బీరువా కింది అరలో ఒక అట్టపెట్టె నిండా గడువు దాటిన మందులుండేవి. లేబుళ్ళు నాలుగు భాషల్లో. ఎవరో ఎప్పుడో ప్రేమతో తెచ్చినవి. వాటిని పద్ధతిగా నాశనం చేయించడానికి క్లినిక్ సొంత డబ్బు పెట్టాల్సి వచ్చింది. ఇవ్వాలనిపిస్తే డబ్బివ్వండి. కెన్యాలోనే మెడ్స్ లాంటి లాభాపేక్ష లేని సరఫరా సంస్థలున్నాయి, అదే మందు అక్కడే, అక్కడివాళ్ళు చదవగలిగే లేబుల్‌తో కొనుక్కుంటారు.

ఏడో మెట్టు: భాష

ఇంగ్లీషుతో నెట్టుకొస్తాం అనుకోకండి. సిబ్బందితో సరిపోతుంది, రోగితో సరిపోదు. వెళ్ళేముందు మూడు నెలలు రోజుకో అరగంట స్వాహిలీ నేర్చుకోండి. అచ్చులతో ముగిసే భాష, మన నోటికి తేలిగ్గా తిరుగుతుంది. కుర్రాళ్ళు మాట్లాడే షెంగ్ వేరు, అది అక్కడే వస్తుంది.

పెద్దవాళ్ళను 'షికమూ' అని పలకరిస్తే 'మరహబా' అంటారు. 'పోలే' అన్న మాట బంగారం. ఎవరికైనా బాధ కలిగినప్పుడు "అయ్యో" అంటాం చూడండి, అలాంటిది. సూది వేసే ముందు, క్యూలో ఎక్కువసేపు నిలబెట్టినందుకు, బిడ్డ జ్వరంతో ఏడుస్తుంటే, అన్నిటికీ పోలే. 'కికోహోజి' దగ్గు, 'హోమా' జ్వరం, 'కుహారా' విరేచనాలు, 'తుంబో' కడుపు, 'దాము' రక్తం. టీబీని 'కిఫువా కికూ' అంటారు, మాటకు మాట చెప్పుకుంటే పెద్ద ఛాతీ. మనవాళ్ళు "నాకు బీపీ, షుగరు" అన్నట్టే అక్కడివాళ్ళూ 'ప్రెషా', 'సుకారి' అంటారు. మొదటిసారి విన్నప్పుడు ఖమ్మంలో మా కౌంటర్ దగ్గరే ఉన్నట్టనిపించింది.

ఇక టైము చెప్పడం. దీనిమీద కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇందులో నేను ఒక తప్పు చేశాను. స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన పాతకాలం గడియల లెక్క కూడా పొద్దు పొడుపు నుంచే కదా, అలాగన్నమాట. పొద్దున ఏడు అంటే వాళ్ళకు 'సా మోజా', ఒకటో గంట. ఎనిమిది 'సా ఎంబీలి', రెండో గంట. మధ్యాహ్నం పన్నెండు 'సా సీతా', ఆరో గంట. భూమధ్యరేఖకు దగ్గరి దేశం, ఏడాదంతా పొద్దు ఇంచుమించు ఒకే వేళకు పొడుస్తుంది కాబట్టి వాళ్ళకు ఈ లెక్క సరిగ్గా కుదురుతుంది. ఒక తల్లి తన నాలుగేళ్ళ బిడ్డకు యాంటీబయాటిక్ తీసుకుంటోంది. రోజుకు రెండుసార్లు, ఎనిమిదింటికి, ఎనిమిదింటికి అని చెప్పాలి. ఎనిమిదిని స్వాహిలీలో 'నానే' అంటారని నేర్చుకున్నాను కాబట్టి ధైర్యంగా 'సా నానే' అన్నాను. సా నానే అంటే వాళ్ళ లెక్కలో రెండు గంటలు. ఆమె మధ్యాహ్నం రెండింటికీ, అర్ధరాత్రి దాటాక రెండింటికీ నిద్రలేచి బిడ్డను లేపి మందు పట్టింది. ఐదు రోజులూ. తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు కళ్ళకింద నల్లటి చారలు, ఒక్క డోసు కూడా తప్పలేదు. నేను చెప్పానని అంత నమ్మకంగా చేసింది. పన్నెండు గంటల ఎడం ఉండబట్టి బిడ్డకు ఏమీ కాలేదు, కానీ ఆ ముఖం నేను మర్చిపోలేను.

ఆ రోజు నుంచి గడియారం మాటే ఎత్తలేదు. 'అసుబుహి' (పొద్దున), 'జియోని' (సాయంత్రం), 'కబ్లా యా చకులా' (అన్నానికి ముందు), 'బాదా యా చకులా' (అన్నం తర్వాత). లేబుల్ మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ, పక్కన ఎన్ని మాత్రలైతే అన్ని గీతలు. చెప్పాక వాళ్ళతో తిరిగి చెప్పించుకునేదాన్ని. మీరూ అలాగే చేయండి, ఎంత క్యూ ఉన్నా సరే.

ఎనిమిదో మెట్టు: మొదటి వారం

చూడండి, అంతే. రోగి గేటు దగ్గర్నుంచి మందు తీసుకుని బయటికి వెళ్ళేదాకా ఎక్కడెక్కడ ఆగుతున్నాడో వెంట నడిచి చూడండి. సలహాలు నోట్‌బుక్‌లో రాసుకోండి, నోటితో చెప్పకండి. నేను మొదటిరోజు "ఇదేంటి ఇలా చేస్తున్నారు" అనుకున్న పది విషయాల్లో ఏడెనిమిదింటికి మంచి కారణాలున్నాయని వారంలో తెలిసింది. ఉదాహరణకు, వాన పెద్దదయితే కన్సల్టేషన్ ఆపేసి అందరూ కూర్చునేవాళ్ళు. బద్ధకమనుకున్నాను. రేకుల కప్పు మీద వాన పడుతుంటే స్టెతస్కోప్‌లో ఏమీ వినపడదు.

కమ్యూనిటీ హెల్త్ ప్రమోటర్లను పరిచయం చేసుకోండి. మన ఆశా కార్యకర్తల లాంటివాళ్ళు. 2023లో ప్రభుత్వం దేశమంతటా సుమారు లక్షమందికి కిట్లు ఇచ్చి ఇంటింటికీ పంపింది. వాళ్ళు లేకుండా సందుల్లోకి వెళ్ళకండి. భద్రత ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో ఎంత గుట్టుగా ఉంచాలో వాళ్ళకు తెలుసు. చీకటి పడ్డాక బయట తిరగొద్దు. సిబ్బంది "ఇవాళ త్వరగా మూసేద్దాం" అంటే కారణం అడక్కుండా బ్యాగు సర్దుకోండి.

తొమ్మిదో మెట్టు: రోజూ ఎదురయ్యే కేసులు

ఇది చికిత్స నేర్పే పాఠం కాదు, అక్కడి మార్గదర్శకాలు, మీ పైనున్న క్లినికల్ ఆఫీసర్ మాటే చివరిది. అయినా కొన్ని కొలతలు నోటికి వచ్చి ఉండాలి.

చిన్నపిల్లల దగ్గు. న్యుమోనియా పట్టుకోవడానికి ఊపిరి లెక్కే ముఖ్యం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు నిమిషానికి 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40 లేదా ఎక్కువ అయితే వేగంగా ఉన్నట్టు. బిడ్డను తల్లి ఒళ్ళోనే ఉంచండి, చొక్కా పైకి తీసి, ఏడుపు ఆగాక, పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. క్యూ చూసి టెన్షన్ పడి ఇక్కడే అందరం తొందరపడతాం.

విరేచనాలు. నీళ్ళు ఇరవై లీటర్ల డబ్బాల్లో కొనుక్కునే చోటు, కలరా అప్పుడప్పుడు చుట్టుముడుతుంది. ఓఆర్ఎస్, దానితోపాటు పది నుంచి పద్నాలుగు రోజులు జింక్. ప్యాకెట్ లేనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు. తల్లితో అక్కడే కలిపించండి. ఆమె ఇంట్లో స్పూన్ ఎంతుంటుందో, లీటరు దేనితో కొలుస్తుందో అడగండి.

పోషకాహారం. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు బిడ్డ చేతికి కొలత పట్టీ చుట్టినప్పుడు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువయితే ఎరుపు, అంటే తీవ్రం. 12.5 దాకా పసుపు. దగ్గుకని తెచ్చిన బిడ్డకు కూడా పట్టీ చుట్టండి.

మలేరియా. నైరోబీ ఎత్తులో ఉండటం వల్ల అక్కడి దోమల వల్ల వచ్చే మలేరియా చాలా తక్కువ. అందుకని జ్వరం చూడగానే మలేరియా అనుకోకూడదు, కాదనీ అనుకోకూడదు. కిబేరాలో చాలామందికి సొంతూరు విక్టోరియా సరస్సు పక్కన. అక్కడ మలేరియా బాగా ఎక్కువ. మనవాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళినట్టే వాళ్ళూ డిసెంబరులో ఊరెళ్తారు, జనవరిలో జ్వరంతో వస్తారు. "ఈ నెలలో ఊరెళ్ళొచ్చారా?" అని అడిగి, పరీక్ష చేయించి, అప్పుడు మందు.

టీబీకి నాలుగు ప్రశ్నలు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. ఏ ఒక్కటి ఉన్నా కఫం పరీక్షకు పంపాలి, పంపే ముందు గాలి ఆడేలా కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి. హెచ్ఐవీ సంగతి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించండి, తలుపు మూయండి. రేకు గోడల వెనక పక్కింటివాళ్ళుంటారు.

పదో మెట్టు: మందుల గది

నాకు బాగా తెలిసిందీ, మీరు వచ్చేశాక నిలిచేదీ ఇదే కాబట్టి వివరంగా చెప్తాను. డాక్టరైనా నర్సైనా చదవండి.

ముందు అరలు ఖాళీ చేసి, తుడిచి, గడువు తేదీల వారీగా సర్దండి. ముందు గడువు ముగిసేది ముందు వరసలో. ప్రతి మందు పక్కనా ఒక అట్ట ముక్క: తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. కంప్యూటర్ పెట్టాలని ఉబలాటపడకండి. కరెంటు పోయినా, మీరు వచ్చేసినా అట్ట అక్కడే ఉంటుంది.

తర్వాత ఆర్డర్ లెక్క. మూడు నెలల్లో 240 ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఖర్చయ్యాయనుకోండి. నెలకు 80 అనుకుని అంతే తెప్పిస్తారు. కానీ అట్ట చూస్తే ఆ 90 రోజుల్లో 30 రోజులు ప్యాకెట్లే లేవు. అంటే 240 పోయింది 60 రోజుల్లో. అసలు అవసరం నెలకు 120. లేని రోజుల్లో వచ్చిన రోగులు ఉత్త చేతులతో వెళ్ళారు కాబట్టి లెక్కలోకి రాలేదు. తక్కువ ఆర్డర్, అందువల్ల మళ్ళీ కొరత, మళ్ళీ తక్కువ ఆర్డర్. ఇలా ఏళ్ళు గడుస్తాయి, కారణం ఎవరికీ కనపడదు. ఈ ఒక్క సవరణ మా క్లినిక్‌లో ఫార్మసీ చూసే అమ్మాయికి చూపించినప్పుడు ఆమె కాసేపు మాట్లాడకుండా అట్టల్నే చూసి, మిగతా మందులన్నిటికీ ఆ సాయంత్రమే తానే లెక్కలు వేసింది. పిల్లల అమాక్సిసిలిన్ కరిగే మాత్రలు, జింక్, బీపీ మాత్రలు అన్నీ అదే కథ. నేను చేసిందల్లా అట్ట ఆమె చేతికివ్వడం. పెన్ను మాత్రం ఆమెదే ఉండనిచ్చాను.

మీరు ఏ రంగం వాళ్ళైనా ఇలాంటిదొకటి వెతకండి. నర్సయితే స్టెరిలైజేషన్ పద్ధతి, ల్యాబ్ వాళ్ళయితే క్వాలిటీ కంట్రోల్ రిజిస్టర్, డాక్టరయితే వారానికోసారి సిబ్బందితో కూర్చుని కష్టమైన కేసుల చర్చ. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ళు కిబేరాలో 1997 నుంచి ఇరవై ఏళ్ళు పనిచేసి, 2017లో తమ క్లినిక్‌లను నైరోబీ కౌంటీకి అప్పజెప్పారు. ఇరవై ఏళ్ళున్న సంస్థే అప్పగింతతో ముగించింది, మూడు నెలలుండే మనం అప్పగింతతోనే మొదలుపెట్టాలి.

సూది గుచ్చుకుంటే

వెంటనే సబ్బునీళ్ళతో కడగండి. పిండకండి. పైవాళ్ళకు అప్పుడే చెప్పండి, సిగ్గుపడి దాచకండి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే పనిచేయవు, కోర్సు 28 రోజులు. ఆ మందులు ఏ గదిలో ఉన్నాయో, ఆదివారం తాళం ఎవరి దగ్గర ఉంటుందో మొదటిరోజే అడిగి ఫోన్‌లో రాసుకోండి.

ఫోటోలు

రోగుల ఫోటోలు తీయకండి. తల్లి ఒప్పుకున్నా సరే, పిల్లలవి అసలే వద్దు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు అడిగితే కాదనే ధైర్యం ఆమెకు ఉండదు. కెన్యాలో 2019 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది, ఆరోగ్య వివరాలు అందులో సున్నితమైనవి. వాట్సాప్‌లో కేసు గురించి ఇక్కడి మీ ప్రొఫెసర్‌ను అడగాల్సి వస్తే పేరు, ముఖం, ఊరు ఏవీ లేకుండా, క్లినికల్ ఆఫీసర్ అనుమతితోనే.

చివరి మెట్టు: వచ్చేసే ముందు, వచ్చాక

చివరి రెండు వారాలు కొత్త పని ఏదీ ముట్టుకోకండి. మీ పని మరొకరు చేస్తుంటే పక్కన కూర్చుని చూడండి. ఎక్కడ తడబడుతున్నారో అక్కడ ఒక పేజీ రాసిపెట్టండి, వాళ్ళ మాటల్లోనే. వీడ్కోలుకు టీ, మందాజీలు (నూనెలో వేయించిన బన్నుల్లాంటివి) చాలు. పెద్ద కానుకలు ఇచ్చి, తర్వాత వచ్చే వాలంటీర్ల నుంచీ అంతే ఆశించడం నేర్పకండి.

ఇంటికొచ్చాక రెండు పనులున్నాయి. ఎనిమిది నుంచి పది వారాల తర్వాత టీబీ పరీక్ష చేయించుకోండి. పడమటి కెన్యాకో తీరానికో వెళ్ళొచ్చి ఉంటే, తర్వాత నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా "కెన్యా వెళ్ళొచ్చాను" అని డాక్టరుకు చెప్పండి. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా అయితే, చికిత్స ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది, ఫోన్ ఎత్తండి. నైరోబీ మనకన్నా రెండున్నర గంటలు వెనక. నెలాఖరు సాయంత్రం వాళ్ళు క్లినిక్ మూసేసరికి ఇక్కడ మా పిల్లలు అన్నానికి కూర్చుంటారు. అప్పుడే ఆ అమ్మాయి అట్టల ఫోటోలు పంపుతుంది. పోయిన నెల జింక్ తొమ్మిది రోజులు లేదు, దాన్ని ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన వచ్చే నెల ఆర్డర్ తనే సవరించి రాసింది.